ఒకటో తరగతి బాబుకి పల్లీల ఎలర్జీ, స్కూల్ వాళ్ళు సంతకం పెట్టమంటున్నారు

పాలమూరు_అమ్మ
మా బాబుకి పల్లీలు పడవు. దురద పెట్టి తగ్గిపోయే రకం కాదు. మూడేళ్ళప్పుడు చుట్టాలింట్లో ఇడ్లీ చట్నీలో రెండుసార్లు అద్దుకుని తిన్నాడో లేదో, పెదవులు ఉబ్బిపోయి, ఒళ్ళంతా దద్దుర్లు, వెంటనే వాంతి, గొంతు బొంగురు. హాస్పిటల్లో తొడకి సూది వేశాక గానీ తేరుకోలేదు. తర్వాత హైదరాబాద్‌లో ఎలర్జీ డాక్టర్ దగ్గర చేతి మీద చుక్కలు పెట్టి గుచ్చే పరీక్ష చేయించాం. పల్లీలు ఖాయం అన్నారు. నువ్వులు, జీడిపప్పు తినొచ్చట.

ఈ ఏడు మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేట్ స్కూల్లో ఒకటో తరగతిలో వేశాం. రిపోర్టులు పట్టుకుని పోతే ప్రిన్సిపల్ గారు తెరిచి కూడా చూడలేదు. "స్కూల్లో ఏం తిన్నా, ఏం జరిగినా పూర్తి బాధ్యత తల్లిదండ్రులదే" అని టైప్ చేయించిన కాగితం ముందు పెట్టారు. సంతకం పెడితేనే కూర్చోబెడతారట. మేమిచ్చే ఇంజెక్షన్ డబ్బా మాత్రం తీసుకోరట, మాకు నర్సు లేదు అంటారు. మా ఆయన సంతకం పెట్టి పడేద్దాం, గొడవెందుకు అంటున్నాడు. మా అత్తమ్మ స్కూలే మార్చమంటుంది. పిల్లలకి ఇట్లాంటిది ఉన్నవాళ్ళు ఏం చేశారో చెప్పండి.

జడ్చర్ల_శీను
పాలమూరు పిల్లోడికి పల్లీలు పడకపోవడం ఏంది అక్కా, చేపకి నీళ్ళు పడనట్టు 😅 సీజన్లో బాదేపల్లి పల్లీల మార్కెట్ దిక్కు మాత్రం తీసుకురాకు.

అచ్చంపేట_నాన్న
శీనన్నా, జోకు నీకు బాగానే ఉంటది. పిల్లలకి ఊపిరాడకపోవడం చూసినోళ్ళకి నవ్వు రాదు.

మా పాపకి కోడిగుడ్డు. సర్కారు బడి, వారానికి మూడుసార్లు భోజనంలో గుడ్డు ఉంటది. మొదట్లో నేనూ భయపడ్డా. కానీ మా బడిలో వంట చేసే అక్కకి నేరుగా వెళ్ళి చెప్పిన. డాక్టర్ రిపోర్ట్ ఆమెకి అక్కర్లేదు, పాప మొహం ఎట్లా ఉబ్బిందో ఫోన్లో ఫోటో చూపించిన. అంతే. గుడ్డు కూర చేసిన రోజు ఆ గంటె పప్పులో పెట్టదు. మా పాప పళ్ళెంలో ముందు వడ్డించి, ఆ తర్వాతే గుడ్ల గిన్నె మూత తీస్తది. గుడ్డు బదులు అరటిపండు. ప్రైవేట్ స్కూల్లో ఇట్లా చెప్పుకోవడానికి మనిషి దొరకడు, ఫీజు కౌంటర్ దొరుకుతది.

మిర్యాలగూడ_మామయ్య
మా కాలంలో ఈ ఎలర్జీలు ఎక్కడివమ్మా. చేలో పచ్చి పల్లికాయ పీక్కుని మట్టి దులిపి తిన్నాం. రోజూ కొంచెం కొంచెం పెడితే అదే అలవాటైతది. ఇప్పటి పిల్లల్ని అద్దాల పెట్టెలో పెంచుతున్నారు.

సూర్యాపేట_సిస్టర్
మామయ్య గారూ, దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి. మీరు ఎక్కడో విన్న దాంట్లో సగం నిజం ఉంది. 2015లో ఇంగ్లాండులో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. గజ్జి లాంటి ఎగ్జిమా ఉన్నవాళ్ళు, గుడ్డు ఎలర్జీ ఉన్నవాళ్ళు, అలాంటి పసిపిల్లలకి ఏడాది లోపు నుంచే పల్లీలు మెత్తగా చేసి తినిపిస్తే ఐదేళ్ళు వచ్చేసరికి పల్లీల ఎలర్జీ చాలా తగ్గిందని తేలింది. అది ఎలర్జీ రాకముందు సంగతి. వచ్చేసిన పిల్లకి ఇంట్లో మనం కొంచెం కొంచెం పెట్టడం అంటే ప్రాణంతో ఆట. డాక్టర్ల దగ్గర మెల్లగా డోసు పెంచే వైద్యం ఉంది, అది హాస్పిటల్లో, సూది పక్కన పెట్టుకుని చేస్తారు.

మీ కాలంలో లేవు అంటారు. ఉండే ఉంటాయి. "తిని కక్కుకుని పోయిండు, గాలి సోకింది" అన్న లెక్కలో పోయినవాళ్ళు ఎంతమందో.

పాలమూరు అమ్మగారికి: ఇంజెక్షన్ అంటే అడ్రినలిన్ ఆంప్యూలా (విరిచి సిరంజీలోకి లాగే చిన్న గాజు బుడ్డి), తొడకి నొక్కితే సూది పడే పెన్ను లాంటిదా?

పాలమూరు_అమ్మ
ఆంప్యూల్, సిరంజీ. పెన్ను ఇక్కడ దొరకదన్నారు. డాక్టర్ గారు ఎంత గీత వరకు లాగాలో కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చారు. సెట్రిజిన్ సిరప్ కూడా ఉంది. ప్రిన్సిపల్ గారు "సిరప్ అయితే వేస్తాం, సూది మావల్ల కాదు" అన్నారు.

హాలియా_మందులషాపు
పెన్ను టైపు మన దగ్గర మందుల షాపుల్లో మామూలుగా ఉండదు. విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్ళు ఉన్నారు, వేలల్లో పని, గడువు తొందరగా అయిపోతుంది. ఆంప్యూల్ చాలా చవక. చీటీ ఉంటేనే ఇస్తాం.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. దాన్ని 25 డిగ్రీల లోపు, వెలుతురు తగలకుండా పెట్టాలని పెట్టె మీదే రాసి ఉంటుంది. మన నల్గొండ ఎండల్లో బండి డిక్కీలో, కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే అది మందుగా పనికిరాదు. ఫ్రీజర్‌లో గడ్డ కట్టించినా అంతే. షుగర్ వాళ్ళు ఇన్సులిన్ పెట్టుకునే చల్లటి పౌచ్ దొరుకుతుంది, అది కొనండి. మందు రంగు మారితే, లోపల నలకలు కనిపిస్తే పారేయండి.

వనపర్తి_పద్మ
సిరప్ వేస్తాం అన్నది విని నాకు ఒళ్ళు మండింది. మా అన్న కొడుక్కి రొయ్యలు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకుపోతే ఆవిల్ (దురద మందు) ఒకటి, డెక్సా (స్టెరాయిడ్) ఒకటి వేసి మంచం మీద పడుకోబెట్టాడు. దద్దుర్లు తగ్గాయి, హమ్మయ్య అనుకున్నారు. లోపల ఆయాసం పెరుగుతూనే ఉంది. 108 వచ్చి తీసుకుపోతే అక్కడ అడ్రినలిన్ పడ్డాక నిలబడ్డాడు.

సూర్యాపేట_సిస్టర్
పద్మ గారు చెప్పింది మన దగ్గర రోజూ జరిగేదే. సెట్రిజిన్, ఆవిల్ దద్దుర్లకి, దురదకి. గొంతు వాపుని, పడిపోయే బీపీని అవి ఆపవు. డెక్సా పని మొదలుపెట్టడానికే గంటలు పడుతుంది. ఆ నిమిషాల్లో పనిచేసేది అడ్రినలిన్ ఒక్కటే. తొడ బయటి వైపు, కండలోకి. ప్యాంటు మీద నుంచైనా వేయొచ్చు, విప్పుతూ కూర్చోనక్కర్లేదు. కిలో బరువుకి 0.01 మిల్లీగ్రాము లెక్క, అయినా ఎంతన్నది మీ డాక్టర్ రాసిందే ఫైనల్. పిల్లాడు పెరిగే కొద్దీ ఆ కాగితం మార్పించుకోండి.

ఎప్పుడు వేయాలి అని అందరూ అడుగుతారు. ఒట్టి దద్దుర్లయితే కనిపెట్టుకుని ఉండాలి. దద్దుర్లతో పాటు వాంతులో, దగ్గో, పిల్లికూతలో, గొంతు మారడమో మొదలైతే ఆగొద్దు. తినకూడనిది తిన్నాడని తెలిసి ఊపిరి ఇబ్బంది పడుతుంటే, ఒంటి మీద దద్దుర్లు లేకపోయినా వేయాల్సిందే. వేశాక పిల్లాణ్ణి నిలబెట్టకూడదు, నడిపించకూడదు. పడుకోబెట్టి కాళ్ళ కింద బ్యాగులు పెట్టండి. ఆయాసం ఎక్కువుంటే కూర్చోనివ్వండి, వాంతి అవుతుంటే పక్కకి తిప్పండి. 108కి చేయండి. 5 నిమిషాల్లో తగ్గకపోతే రెండో డోసు కావాల్సి వస్తుంది, అందుకే రెండు ఆంప్యూళ్ళు ఉండాలి. తగ్గినా సరే హాస్పిటల్లో కొన్ని గంటలు ఉంచాలి, కొందరికి మళ్ళీ తిరగబెడుతుంది.

దేవరకొండ_టీచరమ్మ
అందరూ స్కూల్‌ని తిడుతున్నారు కాబట్టి మా వైపు కూడా వినండి. నేను ప్రైవేట్‌లో చేసి ఇప్పుడు సర్కారు బడిలో ఉన్నా. క్లాసులో నలభై, యాభై మంది. ఒకడు పెన్సిల్ ముక్కులో పెట్టుకుంటాడు, ఒకడు గోడ దూకుతాడు. అందులో ఒక పిల్లాడికి ఆంప్యూల్ విరిచి, సిరంజీలోకి లాగి, గాలి తీసి, తొడకి గుచ్చమంటే నా చేతులే వణుకుతాయి. వేసి పిల్లాడికి ఏమన్నా అయితే రేపు పేపర్లో నా ఫోటో. వేయకపోయినా నా ఫోటోనే.

పల్లీలు బంద్ పెట్టమంటారు కొందరు. యాసంగి పంట పీకే రోజుల్లో మా పిల్లల జేబులు చూడాలి, నిండా పల్లికాయలే. సాయంత్రం బెంచీల కింద ఊడిస్తే చేటెడు పొట్టు. పులిహోరలో పల్లీలు, ఉప్మాలో పల్లీలు, జొన్న రొట్టెకి పల్లి కారం, వంకాయ కూరలో పల్లీల ముద్ద. ఎవరి డబ్బా అని వెతకాలి?

అచ్చంపేట_నాన్న
టీచర్, బంద్ ఎవరూ అడగలే కదా ఇక్కడ.

గద్వాల_గడ్డ
నేను అడుగుతా. మా తమ్ముడి కూతురు చదివే స్కూల్లో పల్లీలు తేవొద్దని డైరీలో రాసి పంపారు. చాలామంది తల్లులు పాటించారు కూడా. మనవాళ్ళకి విషయం చెప్తే వినని జనం కాదు. చెప్పరు, అదీ బాధ.

కల్వకుర్తి_కిరణ్
డైరీలో రాయడం వల్ల మా వాడికి జరిగింది చెప్తా. తెల్లారి నుంచి పిల్లలందరూ వాణ్ణి "పల్లీ" అని పిలవడం మొదలుపెట్టారు. ఒకడు కావాలని పల్లిగింజ విసిరి చచ్చిపోతావా అని అడిగాడట. మా వాడు ఆ రోజు డబ్బా తెరవకుండానే బ్యాగులో పెట్టుకుని ఇంటికొచ్చేశాడు. పేరు రాయకుండా "క్లాసులో ఒకరికి" అని రాయమని తర్వాత చెప్పా. చిన్న ఊళ్ళో పేరు రాయకపోతే తెలియదా ఏంటి.

సూర్యాపేట_సిస్టర్
విసిరితే తగిలిన చోట దద్దు రావొచ్చు, అంతే. వాసనకి, పక్కన కూర్చుంటే ప్రాణం మీదికి రావడం చాలా చాలా అరుదు. అసలు ప్రమాదం నోట్లోకి పోవడంలో ఉంది. అందుకే పిల్లాణ్ణి వేరే గదిలో కూర్చోబెట్టి తినిపించడం అనవసరమైన శిక్ష. డబ్బాలు మార్చుకోవద్దు, తిన్నాక అందరూ సబ్బుతో చేతులు కడగాలి. శానిటైజర్‌తో పల్లీల జిడ్డు, ప్రొటీన్ పోవు. నీళ్ళు, సబ్బు కావాలి. చాలా స్కూళ్ళలో కుళాయి దగ్గర సబ్బు ఉండదు, ముందు దాని కోసం గొడవ పడండి.

జడ్చర్ల_శీను
సిస్టర్, పల్లీ నూనె సంగతేంటి? మా ఇంట్లో గానుగ నూనెనే. మిక్చర్, మురుకులు అన్నీ అందులోనే.

సూర్యాపేట_సిస్టర్
మంచి ప్రశ్న. బాగా రిఫైన్ చేసిన నూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు, చాలామందికి ఏం కాదు. గానుగ నూనెలో ఉంటుంది. ఆరోగ్యానికి మంచిదని అందరూ గానుగ వైపు పోతున్నారు, ఈ పిల్లలకి మాత్రం అదే ముప్పు. మిఠాయి కొట్లో ఏ నూనెలో వేయించారో అడగాల్సిందే.

జడ్చర్ల_శీను
అయితే మా ఇంటికి పిలిస్తే మంచినీళ్ళు ఒక్కటే పోస్తా పిల్లోడికి. (పాలమూరు అక్కా, మొదటి జోకు ఏమనుకోకు.)

నల్గొండ_వకీలు
మళ్ళీ ఆ కాగితం దగ్గరికి వద్దాం. సంతకం పెట్టించుకున్నంత మాత్రాన స్కూల్ నిర్లక్ష్యం మాఫీ అయిపోదు. స్కూల్ టైములో పిల్లాడు వాళ్ళ కాపలాలో ఉన్నట్టే. ప్రిన్సిపల్ గారికి కూడా ఆ సంగతి తెలిసే ఉంటుంది, మీరు భయపడి డబ్బా వెనక్కి తీసుకుపోతారని ఆశ.

టీచరమ్మ గారి భయానికి జవాబు చట్టంలోనే ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 27వ సెక్షన్ చూడండి. పాత ఐపీసీలో ఇది 89. 12 ఏళ్ళ లోపు పిల్లల మేలు కోసం, తల్లిదండ్రుల అనుమతితో, మంచి ఉద్దేశంతో చేసిన పనిని నేరం కింద లెక్కేయరు. అనుమతి అడిగే టైము లేనప్పుడు మేలు కోసం చేసిన దానికి 30వ సెక్షన్ ఉంది, పాతది 92. కాబట్టి వాళ్ళ కాగితం పక్కన పడేసి మీరే ఒక కాగితం రాసివ్వండి. "ఈ లక్షణాలు కనిపిస్తే, డాక్టర్ రాసిన ఈ డోసు, స్కూల్లో ఎవరు వేసినా మాకు సమ్మతమే" అని. డాక్టర్ చీటీ జిరాక్సు, పిల్లాడి ఫోటో అతికించండి. తీసుకున్నట్టు రెండో కాపీ మీద స్కూల్ ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి.

దేవరకొండ_టీచరమ్మ
ఈ సెక్షన్ నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అట్లా రాసిచ్చి, ఎట్లా వేయాలో ఒకసారి చూపిస్తే నేను వేస్తా. వకీలు గారూ, చట్టం సరే గానీ, ఆంప్యూల్ విరిచేటప్పుడు వేలు తెగితే ఏ సెక్షన్?

నల్గొండ_వకీలు
బ్యాండ్ ఎయిడ్ సెక్షన్.

హాలియా_మందులషాపు
విరిచే చోట చుక్క గుర్తు ఉంటుంది టీచర్. గుడ్డ ముక్క చుట్టి, చుక్క మీ వైపు పెట్టుకుని అవతలికి విరవాలి. గడువు తీరిన ఆంప్యూళ్ళు షాపులో అడిగితే ప్రాక్టీసుకి ఇస్తాం. నారింజ పండుకి గుచ్చి నేర్చుకోవచ్చు. సిరంజీ 1 ఎంఎల్‌దే కావాలి, పెద్దదాంట్లో గీతలు కనపడవు. ఇన్సులిన్ సిరంజీ మాత్రం వద్దు, దాని సూది పొట్టిది, కండ దాకా పోదు.

మిర్యాలగూడ_మామయ్య
సిస్టరమ్మ చెప్పినంక నేనేం మాట్లాడను. కానీ టెస్టుల సంగతి చెప్పండి. మా కోడలు ఎక్కడో రక్తం ఇచ్చి తెచ్చింది, మనవడికి గోధుమ, పాలు, కంది పప్పు, టమాటా, బెండకాయ ఏవీ పడవని రెండు పేజీల లిస్టు. వాడు అవన్నీ తిని గంతులేస్తున్నాడు.

సూర్యాపేట_సిస్టర్
అది ఐజీజీ టెస్టు అయి ఉంటుంది మామయ్యా, ఎలర్జీకి దాంతో సంబంధం లేదు. తిన్నది ఒంటికి తెలుసు అని చెప్తుంది, అంతే. ఎలర్జీకి చేసే ఐజీఈ పరీక్ష వేరే, అది కూడా పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఎలర్జీ అని కాదు. తిని ఇబ్బంది పడ్డ చరిత్ర ముఖ్యం. మనవడికి అన్నీ పెట్టండి. ఆ లిస్టు చూసి పాలు మాన్పిస్తే పిల్లాడు చిక్కిపోతాడు.

మిర్యాలగూడ_మామయ్య
కోడలికి ఇది చదివి వినిపిస్తా. వేలకు వేలు పోసింది.

నాగర్‌కర్నూల్_లత
మా చెల్లి గురుకులంలో ఉంటుంది. అక్కడ సాయంత్రం స్నాక్స్‌కి పల్లి పట్టీయో, ఉడకబెట్టిన పల్లీలో ఇస్తారు. తనకి పల్లీలు తింటే వాంతులు. వార్డెన్ మేడంకి చెప్తే "సాకులు చెప్పకు, మంచి ప్రొటీన్" అని నిలబడి తినిపించింది. ఇంటి దగ్గర ఉన్న పిల్లలకి అమ్మ ఉంది, హాస్టల్ పిల్లల సంగతి ఎవరూ రాయట్లేదు.

సూర్యాపేట_సిస్టర్
లతా, వెంటనే జిల్లా హాస్పిటల్లో పిల్లల డాక్టర్‌కి చూపించి రాయించుకో. వార్డెన్ నోటి మాట వినకపోయినా ఓపీ చీటీ మీద రాసింది వింటుంది. పిల్లల ఆరోగ్యం చూసే ఆర్‌బీఎస్‌కే టీం బడులకి వస్తుంది, వాళ్ళకీ చెప్పించు. అప్పటిదాకా ఆ పట్టీ ముట్టొద్దని చెల్లికి చెప్పు.

వనపర్తి_పద్మ
బర్త్‌డే చాక్లెట్ల సంగతి మర్చిపోయారు అందరూ. నెలకి ఎంతమంది పుట్టినరోజులు! ప్యాకెట్ మీద "కంటెయిన్స్" అని ఎలర్జీ పదార్థాలు వేయాలని 2020 లేబులింగ్ రూల్స్‌లో ఉంది. పల్లీలు, పాలు, గుడ్డు, చేపలు, సోయా, గోధుమ లాంటివి అన్నీ అందులో వస్తాయి. కానీ విడిగా పంచే చిన్న చాక్లెట్ మీద ఆ అక్షరాలు భూతద్దం పెట్టినా కనపడవు. బేకరీ లడ్డు మీద ఏదీ ఉండదు. మేం టీచర్ దగ్గర ఒక చిన్న డబ్బా పెట్టాం, మా వాడు తినగలిగే చాక్లెట్లతో. ఎవరు పంచినా వాడిది ఆ డబ్బాలోంచి వస్తుంది. చేతిలో పడ్డ దాన్ని టీచర్‌కి ఇచ్చేసి, ఆ డబ్బాలోంచి ఇంకోటి తీసుకుంటాడు.

పాలమూరు_అమ్మ
అందరికీ చాలా థాంక్స్. వకీలు గారు చెప్పినట్టే కాగితం రాసుకుని పోయాం. ప్రిన్సిపల్ గారు ముద్ర వేయలేదు, "మేనేజ్‌మెంట్‌ని అడుగుతా" అన్నారు. స్పీడ్ పోస్టులో పంపాం. వాళ్ళ కాగితం మీద సంతకం పెట్టలేదు. బాబుని మాత్రం క్లాసులో కూర్చోబెట్టుకున్నారు.

అయితే బయటికొస్తుంటే ఒకటి జరిగింది. ఆఫీసు బయట పీటీ సార్ ఉన్నారు, మా మాటలన్నీ విన్నారట. వాళ్ళమ్మకి షుగర్, రోజూ ఇన్సులిన్ ఆయనే వేస్తారు. "నాకు సూదంటే భయం లేదు మేడం, చూపించండి" అన్నారు. ఆయమ్మ కూడా వచ్చి నిలబడింది. తను సూది వేయదు గానీ ముందు గుర్తుపట్టేది తనే అని, లక్షణాలు చెప్పమంది. గొంతు మారితే ఎట్లా ఉంటుందో మా వాడు పడ్డప్పటి వీడియో చూపించా. డబ్బా ఇప్పుడు పీటీ సార్ గదిలో చల్లటి పౌచ్‌లో ఉంది. ఆఫీసులో తెలుసో లేదో నేను అడగలేదు.

అచ్చంపేట_నాన్న
చెప్పలే? మనిషి దొరకాలి. కానీ అక్కా, పీటీ సార్ లీవు పెట్టిన రోజు?

దేవరకొండ_టీచరమ్మ
అదే నేనూ అడగబోతున్నా. ఒక్కరి మీద ఆనుకోవద్దు. క్లాస్ టీచర్‌ని కూడా నేర్చుకోమనండి. పీటీ సార్లు ఆటల పోటీలని నెలలో సగం బయటే ఉంటారు. గదికి తాళం వేసుకుపోతే డబ్బా లోపల, పిల్లాడు బయట. డబ్బాకి తాళం పెట్టకూడదు, ఎక్కడుందో నలుగురికి తెలియాలి.

గద్వాల_గడ్డ
దసరా సెలవుల ముందు స్కూల్లో బతుకమ్మ ఆడిస్తారు కదా. సద్దుల కోసం తల్లులు తెచ్చే సత్తుపిండిలో పల్లీలదీ, నువ్వులదీ పక్కపక్కనే ఉంటాయి. పొడి కదా, ఒక స్పూన్ రెండింట్లో తిరుగుతుంది. ఆ రోజు జాగ్రత్త.

పాలమూరు_అమ్మ
అమ్మో, అది తట్టనే లేదు. మా వాడికి నువ్వుల సత్తు అంటే ప్రాణం.

వనపర్తి_పద్మ
నువ్వుల సత్తు ఇంట్లో చేసి మూత డబ్బాలో ఇచ్చి పంపండి. పల్లీలు పట్టిన మిక్సీ జార్‌లో పట్టకండి, దానికి వేరే జార్ పెట్టుకోండి. ఆటకి మీరూ పోండి, ఎలాగూ తల్లుల్ని పిలుస్తారు.

కల్వకుర్తి_కిరణ్
బస్సు డ్రైవర్‌ని మర్చిపోకండి. సాయంత్రం బస్సులో పిల్లలు మిగిలిన డబ్బాలన్నీ పంచుకుంటారు. స్కూల్లో ఉన్న మందు డబ్బా బస్సులో ఉండదు. మేం ఇంకో సెట్టు వాడి బ్యాగు ముందు జేబులో పెట్టి, డ్రైవర్ అన్నకి, కేర్‌టేకర్ అక్కకి చూపించాం. రూట్లో ఏ పీహెచ్‌సీ దగ్గరో కూడా డ్రైవర్‌కి చెప్పి పెట్టాం. టీకాలు వేసే ఏఎన్‌ఎంల దగ్గర కూడా అడ్రినలిన్ కిట్టు ఉంటుంది.

పాలమూరు_అమ్మ
మా వాడిది ఆటో. డ్రైవర్ అన్న వాట్సాప్‌కి ఫోటో, కాగితం పంపించా ఇప్పుడే. "సరే మేడం, ముందు సీట్లో కూర్చోబెడతా" అన్నాడు. రేపు క్లాస్ టీచర్‌ని కలుస్తా. హాలియా అన్నా, గడువు తీరిన ఆంప్యూళ్ళు మహబూబ్‌నగర్‌లో ఏ షాపులో అడిగినా ఇస్తారా?

హాలియా_మందులషాపు
తెలిసిన షాపులో అడగండి, కంపెనీకి వాపసు పంపేముందు పక్కన పెడతారు. ప్రాక్టీసు అయ్యాక అవి అసలు డబ్బాలో కలవకుండా చూసుకోండి, పెన్నుతో పెద్ద ఇంటూ మార్కు పెట్టండి.